మిడ్‌నైట్ సన్స్ గురించి ఆటగాళ్లు రెండు రకాలుగా ఎందుకు చెబుతారు, నువ్వు కొనసాగించాలా వద్దా

తమ్ముడూ, ముందు నీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు చెప్తాను. 2024లో ఎపిక్ స్టోర్‌లో వారం పాటు ఫ్రీగా పెట్టినప్పుడు తీసుకున్న 'మార్వెల్స్ మిడ్‌నైట్ సన్స్'ని ఇన్నాళ్లకు మొదలుపెట్టావు. ఏడెనిమిది గంటలు ఆడావు. ఫైట్లు నచ్చాయి. కానీ ప్రతి ఫైట్ తర్వాత హీరోలంతా ఉండే ఆ పాత మఠంలోకి వచ్చి ఒక్కొక్కరినీ పలకరిస్తూ తిరగడం విసుగ్గా ఉంది. ఫైట్‌లో ప్రతి దెబ్బా కార్డు వేసి కొట్టాలి కదా, సూపర్‌హీరోల చేతికి ఆ కార్డులెందుకో కూడా అర్థం కాలేదు. రివ్యూలు చూస్తే కొందరు ఇంతకంటే మంచి సూపర్‌హీరో గేమ్ లేదంటున్నారు, కొందరు పది గంటలకే తీసేశామంటున్నారు. ఎవరి మాట నమ్మాలి అని అడిగావు.

ఇద్దరి మాటా నమ్మొచ్చు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. నేను ఈ గేమ్‌ని మొదటి నుంచి చివరి దాకా మూడుసార్లు ఆడాను. మూడోసారి పై డిఫికల్టీలో ఆడాను. మనమొకసారి, శత్రువొకసారి వంతులవారీగా ఆడే టర్న్ బేస్డ్ గేమ్స్, ఎత్తులు వేసే టాక్టికల్ గేమ్స్ ఆడటం నాకు ఇరవై ఏళ్లకు పైగా ఉన్న అలవాటు. ఆ అనుభవంతో చెప్తున్నాను, నువ్వు ఆపకు. అయితే ఇప్పుడు ఆడుతున్న పద్ధతిలో మాత్రం ఆడకు. నీకు నచ్చిన సగం, నచ్చని సగం అని నువ్వు విడదీసి చూస్తున్నవి రెండూ ఒకే యంత్రం. విడదీసి చూసినవాళ్లంతా ఏదో ఒక సగం దగ్గర ఆగిపోయారు.

గేమ్ ఎవరిదో తెలిస్తే ఆ అభిప్రాయాల వెనక కథ సగం తెలుస్తుంది. ఫిరాక్సిస్ గేమ్స్ తయారు చేసింది, 2కే విడుదల చేసింది. క్రియేటివ్ డైరెక్టర్ జేక్ సాలమన్. సైనికుల్ని నడిపిస్తూ గ్రహాంతరవాసులతో వంతులవారీగా పోరాడే గేములు, 2012లో ఎక్స్‌కామ్: ఎనిమీ అన్‌నోన్, 2016లో ఎక్స్‌కామ్ 2 చేసింది ఆయనే. ఎక్స్‌కామ్ ఆడినవాళ్లకి ఆ పేరు వినగానే గళ్లున్న మ్యాప్, గోడ చాటు కవర్, తుపాకీ గురిపెడితే కనిపించే శాతం గుర్తొస్తాయి. 2021 ఆగస్టులో గేమ్‌ని ప్రకటించగానే అందరూ మార్వెల్ బొమ్మలతో ఎక్స్‌కామ్ వస్తోందనుకున్నారు. వారం తిరిగేసరికి ఆట ఎలా ఉంటుందో వీడియో వదిలారు. అందులో కార్డులు కనిపించాయి. గొడవ ఆ రోజే మొదలైంది.

ఆ కోపంలో రెండు వేర్వేరు భయాలున్నాయి, వాటిని కలిపేయకూడదు. ఒకటి డబ్బు భయం. కార్డులంటే ప్యాకెట్లు కొనాలి, ప్యాకెట్లంటే జూదం, ఫోన్లలో చూస్తూనే ఉన్నాం కదా అని. ఈ భయం నిజం కాలేదు. గేమ్‌లో డబ్బు పెట్టి కార్డు కొనే దారే లేదు. డబ్బుకి అమ్మింది పాత్రల బట్టలు, రంగులు మాత్రమే. పూర్తి ధర పెట్టి కొన్న గేమ్‌లో అవి కూడా అమ్మడం చాలామందికి నచ్చలేదు, నాకూ నచ్చలేదు. కానీ ఆటలో గెలుపోటములకీ దానికీ సంబంధం లేదు. రెండో భయం ఆటదే. కార్డు వస్తేనే దెబ్బ వేయగలను, రాకపోతే చేతులు కట్టుకుని కూర్చోవాలా అన్నది. దీనికి సమాధానం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నీకూ లోపల ఉన్న సందేహం ఇదేనని నాకు అనిపిస్తోంది.

ఎక్స్‌కామ్‌లో సైనికుడు మామూలు మనిషి. గ్రహాంతరవాసి ఎదురుగా నిలబడితే చేతులు వణుకుతాయి, గురి తప్పుతుంది. 95 శాతం అని చూపించి గుండు పక్కకి పోయినప్పుడు మనం తిట్టుకుంటాం గానీ, నమ్ముతాం. అదే లెక్క కెప్టెన్ మార్వెల్‌కి పెట్టి చూడు. అంతరిక్షంలో ఎగిరే మనిషి నాలుగడుగుల దూరంలో ఉన్న రౌడీని గుద్దబోయి తప్పితే ఆ పాత్రే కూలిపోతుంది. సూపర్‌హీరో గురి తప్పకూడదు. అలాగని అన్ని శక్తులూ ప్రతి టర్న్‌లో చేతిలో ఉంటే ఆలోచించడానికేమీ మిగలదు, మంచి కాంబినేషన్ ఒకటి కనిపెట్టి చివరిదాకా అదే వాడతాం. అనిశ్చితి ఎక్కడో ఒకచోట ఉండాలి. సాలమన్ బృందం దాన్ని దెబ్బలోంచి తీసి చేతిలోకి వచ్చే కార్డులో పెట్టింది. వేసిన దెబ్బ కచ్చితంగా తగులుతుంది. ఏ దెబ్బ వేసే అవకాశం వస్తుందన్నది మాత్రం ముందే తెలియదు. ఆలోచిస్తే ఇది చాలా న్యాయమైన మార్పు. ఎక్స్‌కామ్‌లో నిర్ణయం తీసుకున్నాక అదృష్టం వస్తుంది. ఇక్కడ అదృష్టం ముందే వచ్చేస్తుంది, ఆ తర్వాత జరిగేదంతా మన తెలివి.

లెక్కలు కూడా చిన్నవే. టీమ్‌లో ముగ్గురు. ఒక్కొక్కరికి 8 కార్డులు, మొత్తం డెక్, అంటే కార్డుల కట్ట, 24. ఒక టర్న్‌లో మూడు కార్డులు వేయొచ్చు, రెండు కార్డులు మార్చుకోవచ్చు, ఒకసారి ఒకర్ని కదపొచ్చు. అంతే. నువ్వు మొదటి ఏడెనిమిది గంటల్లో మూడు కార్డులంటే మూడు దెబ్బలు అనుకుని ఆడి ఉంటావు. అందరం అలాగే మొదలుపెట్టాం. ఆ మూడుని ఆరూ ఏడూ చేయడమే అసలు ఆట.

ఒక టర్న్ చూపిస్తాను. నా మూడో ఆటలో ఒక వీధి మిషన్. కెప్టెన్ అమెరికా, మ్యాజిక్ అనే అమ్మాయి, బ్లేడ్ ఉన్నారు. ఎదురుగా హైడ్రా అనే దుష్ట ముఠా మనుషులు ఆరుగురు. నలుగురు ఒక్క దెబ్బకి పడిపోయే చిల్లర సైన్యం, ఇద్దరు హెల్త్ బార్ ఉన్న బలమైనవాళ్లు. చేతిలో ఆరు కార్డులున్నాయి, కానీ వేయగలిగేది మూడే. మొదట బ్లేడ్‌ది 'క్విక్' గుణం ఉన్న కార్డు తీశాను. ఆ గుణం ఉన్న కార్డుతో శత్రువు పడిపోతే వేసిన అవకాశం వెనక్కి వస్తుంది. ఒక చిల్లర మనిషి పడ్డాడు, నా లెక్కలో ఇంకా మూడే ఉన్నాయి. తర్వాత మ్యాజిక్. ఆమె కార్డుల్లో చాలావాటికి తన్ని వెనక్కి నెట్టే గుణం ఉంటుంది. నెట్టేటప్పుడు నేల మీద బాణం గుర్తు వస్తుంది, దాన్ని కొంత మేర అటూ ఇటూ తిప్పుకోవచ్చు. ఆమె నిలబడిన చోటు నుంచి చూస్తే బలమైనవాడి వెనక ఖాళీ రోడ్డే ఉంది. అందుకే ఆ టర్న్‌లో ఉన్న ఒక్క కదలికని ఆమె మీద ఖర్చుపెట్టాను. నాలుగడుగులు పక్కకి జరిగితే బాణం సరిగ్గా రెండో చిల్లర మనిషి మీదకి వెళ్లింది. తన్నింది. బలమైనవాడు ఎగిరి వాడి మీద పడ్డాడు. వీడికి సగం హెల్త్ పోయింది, వాడు నేలకూలాడు. ఒక్క కార్డుకి ఇద్దరికి దెబ్బ.

ఇప్పటికి వేసిన కార్డుల వల్ల హీరోయిజం పాయింట్లు పోగయ్యాయి. పక్కనే రోడ్డు మీద పడి ఉన్న వస్తువుని వాడుకోవడానికి కార్డు అక్కర్లేదు, ఆ పాయింట్లు చాలు. అది విసిరితే ఆ బలమైనవాడు పోయాడు. ఇంకా రెండు కార్డులు వేయొచ్చు. కెప్టెన్ అమెరికా డాలు విసిరే కార్డుకి 'చెయిన్' ఉంది, డాలు ఒకరి నుంచి ఇంకొకరికి తగులుతూ వెళ్తుంది. మిగిలిన ఇద్దరు చిల్లర మనుషులూ పడ్డారు. చివరి కార్డుగా అదే కెప్టెన్‌కి కవచం పెంచి శత్రువు దృష్టిని తన వైపు తిప్పుకునేది వేశాను. మిగిలిన ఒక్కడు వచ్చి ఆ డాలు మీద కొట్టి ఊరుకున్నాడు. ఆ టర్న్‌కి నాకు పది నిమిషాలు పట్టింది. శతరంజ్ కంటే క్యారమ్స్ ఆడినవాళ్లకి ఇది త్వరగా ఎక్కుతుంది. ఏ కాయిన్ కొడితే ఏది కదులుతుంది, స్ట్రైకర్ ఎక్కడ పెట్టాలి అన్న చూపే ఇక్కడా కావాలి.

ఇలా ఆడటం వచ్చాక కార్డుల మీద ఫిర్యాదు దానంతట అదే పోతుంది. కార్డుల్ని మొదట తిట్టి తర్వాత అదే గేమ్‌లో బెస్ట్ అన్నవాళ్లని చాలామందిని చూశాను. వాళ్లు మనసు మార్చుకోవడానికి కారణం ఈ నెట్టడం, క్విక్, వీధిలో వస్తువులు అనే మూడింటినీ కలపడం తెలియడమే. పాత్రలు కూడా దీనికి తగ్గట్టే తీర్చారు. ఐరన్ మ్యాన్ కార్డుని మార్చుకోవడానికి తిప్పేస్తే దాని బలం పెరుగుతుంది, మెరుగులు దిద్దుతూ కూర్చునే ఇంజనీర్ కదా. కెప్టెన్ మార్వెల్‌వి మూడు కార్డులు వేస్తే ఆమె ఒళ్లంతా వెలుగు నిండి ఆ తర్వాతి దెబ్బలు రెట్టింపవుతాయి. పేరు తీసేసి కార్డులు చూపించినా ఎవరివో చెప్పేయొచ్చు. పాత్ర స్వభావం ఆట నియమంలోకి దిగడం అంటే ఇదే, ఇది అరుదుగా కుదురుతుంది.

2002లో ఇర్రేషనల్ గేమ్స్ చేసిన ఫ్రీడమ్ ఫోర్స్‌లో నాకు ఇదే సంతోషం దొరికింది. అది టర్న్ గేమ్ కాదు, రియల్ టైమ్‌లో నడుస్తుంది, కావలసినప్పుడు పాజ్ చేసి ఆజ్ఞలు ఇవ్వొచ్చు. అందులో వీధి దీపం స్తంభం పీకి కొట్టొచ్చు, కారు ఎత్తి విసరొచ్చు. మార్వెల్ పేరు లేదు, సొంతంగా తయారు చేసుకున్న హీరోలు. అయినా సూపర్‌హీరో అనే ముద్ర పడింది, ఎందుకంటే ఊరంతా ఆయుధమైంది. మిడ్‌నైట్ సన్స్‌లో వీధులు అంత పెద్దవి కావు, మ్యాప్‌లు చిన్న అరేనాల్లాంటివి. కానీ మూలసూత్రం అదే. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ దాన్ని పట్టుకున్న గేమ్ ఇదని నాకు అనిపిస్తుంది.

ఇక నీకు విసుగొస్తున్న మఠం సంగతి.

కథ నీకు తెలిసిందే. హైడ్రా వాళ్లు రాక్షసుల తల్లి లిలిత్‌ని నిద్రలేపారు. ఆమెని ఒకప్పుడు ఓడించింది ఆమె బిడ్డే. హంటర్ అనే ఆ పాత్రే నువ్వు. 300 ఏళ్ల తర్వాత నిన్ను సమాధిలోంచి లేపి తెచ్చారు. కామిక్స్‌లో 1992 నాటి మిడ్‌నైట్ సన్స్ కథలు దీనికి ఆధారం. మఠంలో అప్పటికే కుర్రకారు ఉన్నారు: నికో, మ్యాజిక్, రాబీ రేయెస్ అనే ఘోస్ట్ రైడర్. వాళ్లతో బ్లేడ్. అక్కడికి అవెంజర్లు వచ్చి దిగారు. ఐరన్ మ్యాన్, డాక్టర్ స్ట్రేంజ్, కెప్టెన్ మార్వెల్. ఇల్లు ఒకరిది, పెత్తనం ఇంకొకరిది. పల్లెలో ఉమ్మడి ఇంటికి పట్నం నుంచి పెద్దకొడుకు కుటుంబం దిగినప్పుడు వంటింట్లో ఎలా ఉంటుందో ఆ మొదటి వారాలు అలా ఉంటాయి. నికోకి తన ఇల్లు తనది కాకుండా పోతోందన్న బాధ. టోనీకి, అంటే ఐరన్ మ్యాన్‌కి, పిల్లలు మాట వినడం లేదన్న చిరాకు. రాబీకి తన శక్తి మీద తనకే నమ్మకం లేదు. ఈ కబుర్లన్నీ అదనపు సరుకు అనుకుంటే విసుగే. కానీ వీటితో ఏం జరుగుతోందో చూడు.

స్నేహం లెవెల్ పెరిగిన కొద్దీ ఆ పాత్రకి ఫైట్‌లో శాశ్వత లాభాలు వస్తాయి. టీమ్ మొత్తం స్నేహం పెరిగితే ఇద్దరు కలిసి వేసే కాంబో కార్డులు దొరుకుతాయి. ఒకరితో చివరి లెవెల్ దాకా వెళ్తే మిడ్‌నైట్ సన్స్ వేషంతో పాటు ఆ పాత్రకున్న అతి బలమైన కార్డుకి దారి తెరుచుకుంటుంది. పొద్దున ఒకరితో సాధన చేస్తే ఆ రోజు మిషన్‌కి బలం. టోనీ, స్ట్రేంజ్ కలిసి నడిపే ఫోర్జ్ అనే వర్క్‌షాప్‌కి వెళ్తే కొత్త కార్డులు. అంటే రాత్రి పలకరింపు మర్నాటి ఫైట్‌లో కార్డై వస్తుంది. ఫైట్లు మాత్రమే నచ్చి మఠాన్ని దాటేసుకుంటూ పోయినవాళ్లు ఇరవై ముప్పై గంటలయ్యాక ఫైట్లు ఒకేలా ఉన్నాయంటారు. అవి ఒకేలా ఉన్నది వాళ్ల చేతిలో మొదటి వారం కార్డులే ఉండిపోవడం వల్ల. కథ మాత్రమే నచ్చినవాళ్లు తేలిక డిఫికల్టీలో ఆడి ఫైట్లలో లోతు లేదంటారు. రెండు ఫిర్యాదులూ నిజం, రెండూ సగం గేమ్‌వి.

ఒక రాత్రి గురించి చెప్తాను. బ్లేడ్ పుస్తకాల క్లబ్ పెడతాడు. కత్తులు, నల్ల కోటు, ఎవరితోనూ రెండు మాటలకు మించి మాట్లాడని మనిషి. ఎందుకు పెట్టాడంటే కెరోల్ అంటే, అదే కెప్టెన్ మార్వెల్ అంటే ఇష్టం. ఆ మాట నేరుగా చెప్పలేడు. అందరూ కూర్చుని చదివిన దాని గురించి మాట్లాడుతుంటే మాటలు పుస్తకం మీద ఉంటాయి, బ్లేడ్ ధ్యాస మాత్రం ఒకే మనిషి మీద ఉంటుంది. స్టీవ్, అదే కెప్టెన్ అమెరికా, చాలా నిజాయితీగా పుస్తకాన్నే చర్చిస్తుంటాడు. నా పక్కన మా తమ్ముడు కూర్చుని చూస్తున్నాడు. వాడికి మార్వెల్ అంటే థియేటర్లో తెలుగు డబ్బింగ్‌లో చూసినవే, నికో ఎవరో మ్యాజిక్ ఎవరో తెలియదు. గేమ్‌లో తెలుగు సబ్‌టైటిల్స్ లేవు కాబట్టి నేను పక్కన చెప్తున్నాను. కాసేపటికి వాడే నన్ను ఆపి, అన్నా, బ్లేడ్‌ని రేపు మిషన్‌కి కెరోల్‌తో కలిపి పంపు అన్నాడు. పంపాను. మర్నాడు ఆ ఫైట్‌లో వాళ్లిద్దరి కార్డులు వేసినప్పుడల్లా వాడు చూసిన తీరు నాకు గుర్తుంది. పైన చెప్పిన ఆ టర్న్‌లో ఎంత తెలివి ఉందో, ఈ రాత్రిలో అంత తెలివి ఉంది. రెండూ ఒకే బృందం పని.

అయినా మఠం మీద వచ్చే ఫిర్యాదుల్లో కొన్నింటికి నా దగ్గర సమర్థన లేదు. పగలంతా తోటల్లో తిరిగి పుట్టగొడుగులు, మూలికలు, తాళంచెవులు, పెట్టెలు ఏరడం చాలా ఎక్కువైంది. ప్రాచీన మంత్రాలు నేర్చుకుని కొత్త దారులు తెరిచే కథ బాగుంటుంది, దాని చుట్టూ పోసిన సామాన్లు అనవసరం. మాట్లాడేటప్పుడు ముఖాలు బిగుసుకుపోయి ఉంటాయి. ఫైట్‌లో అంత అందంగా కదిలే మనుషులు సోఫాలో కూర్చోగానే బొమ్మలైపోతారు. లారా బెయిలీ మ్యాజిక్‌కి, మైఖేల్ జై వైట్ బ్లేడ్‌కి, స్టీవ్ బ్లమ్ వోల్వరిన్‌కి ఇచ్చిన గొంతులే ఆ సీన్లని నిలబెట్టాయి. స్పైడర్‌మ్యాన్‌కి యూరీ లోవెంథాల్ అని తెలిస్తే నువ్వు ఇంకో గేమ్ నుంచి ఆ గొంతు గుర్తుపడతావు. మాటల రచన కూడా అన్నిచోట్లా ఒకేలా లేదు. టోనీ, స్పైడర్‌మ్యాన్ పీటర్ ప్రతి వాక్యానికీ చమత్కారం కలుపుతుంటే అలసట వస్తుంది. మ్యాజిక్ తన చిన్నతనంలో లింబో అనే రాక్షస లోకంలో చిక్కుకున్న సంగతి చెప్పే సంభాషణల దగ్గర మాత్రం ఎవరూ చమత్కారాలాడరు, అక్కడ రచన చాలా పైకి వెళ్తుంది. ఆమెతో స్నేహం తప్పకుండా పెంచు. ఆమె పుట్టినరోజు సీన్ దాకా వెళ్లకుండా ఎవరైనా గేమ్ ఆపేశారంటే నాకు బాధగా ఉంటుంది.

ప్రేమ ఎందుకు లేదు అన్నది ఇంకో తరచు ఫిర్యాదు. పాత్రలతో ఇంత తిరిగి, బహుమతులిచ్చి, ఒంటరిగా కూర్చుని మాట్లాడి, చివరికి స్నేహం దగ్గరే ఆపేశారని. నాకైతే అదే సరైన నిర్ణయం. ఇలాంటి గేముల్లో పలకరింపు అంటే ప్రేమ దారికి మెట్లు అనే అలవాటు పడిపోయింది. ఇక్కడ ఆ లక్ష్యం లేకపోవడంతో స్టీవ్‌తోనూ నికోతోనూ ఒకే మనసుతో మాట్లాడతాం. కుటుంబం లేని హంటర్‌కి కుటుంబం దొరకడం కథ. కన్నతల్లి ఎదురుగా శత్రువై నిలబడింది. అది స్నేహాలతో చెప్పాల్సిన కథే.

మరి ఇంత బాగుంటే ఎందుకు అమ్ముడుపోలేదు అని నువ్వు అడగలేదు గానీ, రివ్యూలు చదివినవాడివి కాబట్టి ఆ ప్రశ్న వస్తుంది. మొదట 2022 మార్చి అన్నారు. వాయిదా పడింది. అక్టోబర్ 7 అన్నారు, మళ్లీ పడింది. చివరికి డిసెంబర్ 2న వచ్చింది. అప్పటికి మూడు వారాల ముందే గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ వచ్చి ఉంది, జనం డబ్బూ సమయమూ దాని మీద పెట్టేశారు. విమర్శకులు మెచ్చుకున్నారు, రివ్యూల మార్కులన్నీ కలిపి చూపించే మెటాక్రిటిక్‌లో స్కోర్ 80కి పైనే. అయినా అమ్మకాలు ఆశించినట్టు లేవు. మాతృసంస్థ టేక్ టూ అధిపతి స్ట్రాస్ జెల్నిక్ విడుదల సమయం సరైనది కాకపోయి ఉండొచ్చని స్వయంగా అన్నారు. 2023 ఫిబ్రవరిలో సాలమన్ ఫిరాక్సిస్ వదిలి వెళ్లారు. పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ వెర్షన్లు 2023 మేలో వచ్చాయి, స్విచ్ వెర్షన్ రద్దయింది. తేదీ ఒక్కటే కారణమని నేను అనుకోను. పేరు వినగానే ఎవరి గేమో తెలియదు. కార్డుల వీడియో చూసి ఎక్స్‌కామ్ అభిమానులు మొహం తిప్పుకున్నారు. మార్వెల్ అభిమానులకి టర్న్ గేమ్ అనగానే దూరం. ఇద్దరికీ చెందిన గేమ్‌ని ఇద్దరూ పక్కవాళ్లదనుకున్నారు. తర్వాత చౌకగా, ఆ తర్వాత ఫ్రీగా దొరికినప్పుడు ఆడినవాళ్లే ఇప్పుడు ఎక్కువగా మెచ్చుకుంటున్నారు, నీ కంటపడే పొగడ్తల్లో చాలావరకు వాళ్లవే అయ్యుంటాయి. పోగొట్టుకునేది లేదు కాబట్టి ఓపికగా ఆడారు. ఆ ఓపికకి ఈ గేమ్ ఫలితం ఇస్తుంది.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. రేపటి నుంచి మఠం చుట్టూ ఏరడం పూర్తిగా ఆపెయ్. హీరోలు అడిగే అవసరానికి తప్ప మూలికల జోలికి వెళ్లకు, కథ లాక్కెళ్లినప్పుడు మాత్రమే తోటల్లోకి వెళ్లు. పొద్దున ఫోర్జ్, సాధన, యుద్ధపటం. ఈ మూడింటికి పది నిమిషాలు చాలు. రాత్రి ఒక్కరితో మాత్రమే తీరిగ్గా కూర్చో, క్లబ్ ఉంటే క్లబ్‌కి వెళ్లు, పడుకో. తల మీద గుర్తున్న ప్రతి ఒక్కరినీ ప్రతి రాత్రీ పలకరించాలన్న నియమమేమీ లేదు. ఎవరి మీద నీకు నిజంగా ఆసక్తి ఉందో వాళ్లనే వెంటబెట్టుకో. ఇద్దరు ముగ్గురితో లోతుగా వెళ్తేనే వాళ్ల పెద్ద కార్డులు చేతికొస్తాయి.

డిఫికల్టీ గురించి గట్టిగా చెప్తున్నాను. మిషన్లు బాగా చేసి స్టార్లు తెచ్చుకున్న కొద్దీ పై లెవెల్స్ తెరుచుకుంటాయి. తెరుచుకున్న రోజే ఎక్కు. నార్మల్‌లో ఉండిపోతే శత్రువులు నువ్వు ఆలోచించకముందే పడిపోతారు, నెట్టడం అవసరమే రాదు, అప్పుడు నిజంగానే కార్డు తియ్, వెయ్ అన్నట్టు ఉంటుంది. నార్మల్ పైన ఉండే హీరోయిక్ లెవెల్స్‌లో మొదటి రెండు మూడు ఫైట్లు దెబ్బతింటావు. తిను. ఎక్స్‌కామ్‌లోలాగా ఇక్కడ ఎవరూ శాశ్వతంగా చనిపోరు, గాయపడి విశ్రాంతి తీసుకుంటారంతే.

డెక్ విషయంలో కొత్తవాళ్లు చేసే పొరపాటు మంచి కార్డులన్నీ ఖరీదైనవే ఉంచుకోవడం. హీరోయిక్ రకం కార్డులకి హీరోయిజం పాయింట్లు ఖర్చవుతాయి, ఆ పాయింట్లని తెచ్చేవి మామూలు అటాక్, స్కిల్ కార్డులు. ఒక్కొక్కరి ఎనిమిదింట్లో రెండు మూడుకి మించి హీరోయిక్ పెట్టుకుంటే చేతినిండా వేయలేని కార్డులు మిగులుతాయి. రెండోసారి వచ్చిన కార్డుని పారేయకు, ఒకేలాంటివి రెండు కలిపితే మెరుగైనది తయారవుతుంది. ముగ్గురిలో ఒకరు నెట్టేవాళ్లు, ఒకరు గుంపుని కొట్టేవాళ్లు, ఒకరు దెబ్బలు కాచేవాళ్లు ఉండేలా చూసుకో. ఇప్పటికి నీ దగ్గరున్నవాళ్లలో మ్యాజిక్, ఐరన్ మ్యాన్, కెప్టెన్ మార్వెల్ సరిపోతారు. కెప్టెన్ అమెరికా వచ్చాక కెప్టెన్ మార్వెల్ స్థానంలో పెట్టి చూడు.

డెడ్‌పూల్, వెనమ్, మోర్బియస్, స్టార్మ్ వచ్చే అదనపు ప్యాక్‌లు ఇప్పుడే కొనకు. అవి 2023 జనవరి నుంచి మే మధ్యలో ఒక్కొక్కటిగా వచ్చాయి. అసలు కథలో అంతా కలిపి పన్నెండు మంది హీరోలు, హంటర్ ఉన్నారు. వాళ్లందరినీ పరిచయం చేసుకోవడానికే యాభై గంటలు పడుతుంది. ఒకసారి పూర్తి చేసి రెండోసారి ఆడాలనిపిస్తే అప్పుడు డిస్కౌంట్‌లో చూసుకో. నాకు ఆ నలుగురిలో స్టార్మ్ బాగా నచ్చింది.

బ్లేడ్ క్లబ్ రెండో సమావేశం దాకా, హీరోయిక్ డిఫికల్టీలో పది ఫైట్ల దాకా ఆడు. ఈ లోపు ఒక్క టర్న్‌లోనైనా మూడు కార్డులతో ఆరుగురిని పడగొట్టి ఉంటావు. అప్పటికీ విసుగే అనిపిస్తే మొహమాటం లేకుండా అన్‌ఇన్‌స్టాల్ చెయ్. కొనసాగిస్తే మాత్రం నీ డెక్‌లో కార్డులేవో ఇక్కడ రాయి, కూర్చుని చూద్దాం.